లిక్విడ్ స్క్రీడ్ పోసిన వాళ్ళ గురించి, దాని కింద ఉన్న బోర్డుల గురించి

ఇంగ్లండ్‌లో రెడింగ్ దగ్గర ఉంటాం. ఇంటి వెనక కిచెన్ పెంచుకున్నాం, 28 చదరపు మీటర్లు. నేలలో హీటింగ్ పైపులు, వాటి మీద లిక్విడ్ స్క్రీడ్, అంటే పల్చగా పోస్తే పారి చదునై గట్టిపడే పొర; టైల్స్ దాని మీదే వేస్తారు. పోసింది తండ్రీకొడుకులు నడుపుకునే చిన్న కంపెనీ. ఐదుకి నాలుగున్నర ఇస్తాను. అందులో సగం పైగా, వాళ్ళు స్క్రీడ్ పోయం అని వెనక్కి వెళ్ళిపోయిన రోజుకే.

మన దగ్గర నేలంటే మొరం పోసి, నీళ్ళు పెట్టి, దిమ్మిస కొట్టి, మీద కాంక్రీటు బెడ్డు, ఆపైన టైల్స్. ఇక్కడ ఆ కాంక్రీటుకీ టైల్స్‌కీ మధ్య ఇంకో కథ ఉంటుంది. కింద కంకర, ఇసుక, తేమ రాకుండా మందపాటి పాలిథీన్, 100 మిల్లీమీటర్ల కాంక్రీటు. దాని మీద వేడి కిందికి పోకుండా ఆపే, వెండి రేకు అంటించిన పీఐఆర్ (గట్టి నురుగు) ఇన్సులేషన్ బోర్డులు, మా డ్రాయింగులో 120 మిల్లీమీటర్లు. కొత్తగా కట్టే గది నేల యూ-వాల్యూ, అంటే నేల గుండా వేడి ఎంత పోతుందో చెప్పే అంకె, 0.18 దాటకూడదని ఇక్కడి రూలు. బోర్డుల మీద ఇంకో పాలిథీన్ షీటు, పైపులు, చివరికి 50 మిల్లీమీటర్ల స్క్రీడ్.

మా నాన్న ఖమ్మంలో నలభై ఏళ్ళు మేస్త్రీ పని చేశారు. ఆ వేసవికి మా దగ్గరే ఉన్నారు. బోర్డులు పరిచిన సాయంత్రం చెప్పులు విడిచి వాటి మీద మెల్లగా నడిచారు. కిటికీ మూల దగ్గర ఆగి, మడమతో రెండుసార్లు నొక్కి, "ఇక్కడ డొల్లగా ఉందమ్మా, కింద ఆనలేదు" అన్నారు. మా బిల్డర్‌కి చెప్తే, స్క్రీడ్ బరువుకి అదే కూర్చుంటుందన్నాడు. నేనూ ఊరుకున్నాను. ఆ రోజు గట్టిగా అడగాల్సింది.

పోయడానికి ముందు రోజు స్క్రీడ్ కంపెనీ పెద్దాయన చూడ్డానికి వచ్చాడు. సరిగ్గా అదే మూల మీద కాలేసి, పక్కకి జరిగి, మళ్ళీ వేశాడు. బోర్డు ఊగింది. టార్చి వేసి గోడ వార అంతా వంగి చూశాడు. ఒక గోడ పొడుగునా 25 మిల్లీమీటర్ల నిలువు బోర్డు పెట్టనే లేదు. అది లేకపోతే వేడి స్క్రీడ్ అంచు నుంచి నేరుగా గోడలోకి పోతుంది. రెండు బోర్డుల మధ్య నా చిటికెన వేలు దూరేంత సందు. పాలిథీన్ గోడ పైకి మడవలేదు. లిక్విడ్ స్క్రీడ్ మజ్జిగలా పారుతుంది, చిన్న చిరుగు దొరికినా బోర్డుల కిందికి దిగి వాటిని పైకి తేల్చేస్తుందట. "ఇలా ఉంటే నేను పోయను" అని చెప్పి వెళ్ళిపోయాడు. ఐదు రోజుల తర్వాత మళ్ళీ వచ్చి చూశాడు. రెండో రాకకి డబ్బులు అడగలేదు. ఈలోగా బిల్డర్ ఆ మూల బోర్డులు ఎత్తి, కింద పొడి ఇసుక చదును చేసి, సందుల్లో ఫోమ్ కొట్టి, రేకు టేపు వేశాడు. నాన్న పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నారు.

పోయడం మాత్రం గంటలో అయిపోయింది. ముందు పైపుల్లో నీళ్ళు నింపి ప్రెషర్ గేజి చూశారు, ఖాళీ పైపులు తేలిపోతాయి కాబట్టి. లారీలోంచి కాస్త తీసి, చిన్న రింగులో పోసి ఎత్తి, ఎంత వెడల్పు పాకిందో టేపుతో కొలిచారు. తర్వాత గొట్టంతో పోసి, పొడుగాటి కడ్డీతో అటూ ఇటూ తడుతూ గాలి బుడగలు తీశారు. మూడో రోజు నాన్న పారదర్శక గొట్టం కొనితెప్పించి, నీళ్ళు నింపి, నాలుగు మూలలూ లెవెల్ చూశారు. తేడా రెండు మిల్లీమీటర్లు. ఆయన మెచ్చుకోవడం నేను అరుదుగా విన్నాను. ఆ రోజు "పనోళ్ళు" అన్నారు.

అర మార్కు ఎందుకు తగ్గించానంటే, ఎండాక పైన మీగడలా పల్చటి పొర తేలుతుంది, దాన్ని వారం పది రోజుల్లో గీకించాలి. ఆ ఖర్చు కొటేషన్లో లేదు, ముందు నోటితో కూడా చెప్పలేదు. ఇది జిప్సమ్ రకం స్క్రీడ్. సిమెంట్ టైల్ గమ్ నేరుగా వేస్తే రెండూ పడక టైల్స్ ఊడతాయి, మధ్యలో ప్రైమర్ తప్పనిసరి. ఇది టైల్స్ అతను చెప్తే తెలిసింది. చెప్పాల్సింది వీళ్ళే.

ఎండటానికి ఓపిక కావాలి. మొదటి 40 మిల్లీమీటర్లు రోజుకి ఒక మిల్లీమీటరు చొప్పున ఆరతాయి, మిగతాది రోజుకి అర మిల్లీమీటరు. అంటే మా 50కి రెండు నెలలు. వారం దాటాక హీటింగ్ మెల్లగా పెంచితే త్వరగా ఆరుతుంది. మేము అలాగే చేశాం, తేమ మీటర్ పెట్టి చూసుకున్నాకే టైల్స్ మొదలుపెట్టాం.

మీరు కట్టించుకుంటుంటే, స్క్రీడ్ పోసే ముందు రోజు సాయంత్రం పైపుల పక్కన టేపు పరిచి ప్రతి గోడ నుంచీ ఫోటోలు తీసుకోండి. మొన్న కిచెన్ మధ్య గట్టు బిగించడానికి నేలకి డ్రిల్ పెట్టాల్సి వచ్చినప్పుడు, ఆ ఫోటోలు చూసే పైపు తప్పించి నాలుగు రంధ్రాలు వేశారు.