అలిస్ ఫోర్సెప్స్ కొంటున్నారా? అయస్కాంతం టెస్టు చూసి డబ్బులివ్వకండి

శ్రీకాకుళం, విజయనగరం వైపు చిన్న నర్సింగ్ హోముల్లో ఓటీ (ఆపరేషన్ థియేటర్) సామాను చూసుకునే వాళ్లకి ఈ మాట. బ్యాగు భుజానేసుకుని నరసన్నపేట, రాజాం, బొబ్బిలి అంటూ ఆస్పత్రులన్నీ తిరిగే ఒక సప్లయరు దగ్గర మా మేనేజ్‌మెంటు ఆరంగుళాల అలిస్ ఫోర్సెప్స్, అంటే ఆపరేషన్లో కోసిన అంచుని పట్టి లాక్ వేసే పళ్ల పటకార్లు, ఒక డజను తీసుకుంది. బజారు రేటులో సగం. జేబులోంచి చిన్న అయస్కాంతం తీసి ఫోర్సెప్స్‌కి ఆనించి "చూడండి మేడమ్, అంటుకోలేదు, ప్యూర్ స్టీలు" అంటాడు, అంతే, అందరూ పడిపోతారు.

వంటింటి గిన్నెలకైతే ఆ మాట కొంతవరకు చెల్లుతుంది. కోత అంచుని పట్టుకుని ఆపరేషన్ అయ్యేదాకా వదలకూడని పనిముట్టుకి వేడిచేసి గట్టిపరిచే స్టీలు కావాలి, అంటే 410, 420 రకాలు, వాటికి అయస్కాంతం అంటుకుంటుంది. అంటుకోలేదంటే అది 304 లాంటి మెత్తది అయ్యుంటుంది, పిడి దగ్గరి లాక్ పళ్లు తొందరగా అరుగుతాయి, కొసలు వంగుతాయి. అంటుకున్నా మంచిదని గ్యారంటీ లేదు, మామూలు ఇనుము మీద పూత వేసినదానికీ అంటుకుంటుంది మరి.

గర్భసంచి ఆపరేషన్ మధ్యలో డాక్టరమ్మ ఆ కొత్త ఫోర్సెప్స్‌తో అంచు పట్టి లాక్ వేశారో లేదో టక్‌మని ఊడింది. మళ్లీ వేస్తే మళ్లీ ఊడింది. పాత ట్రేలోది అందిస్తే నిలబడింది. పేషెంటుకి ఏమీ కాలేదు గానీ లోపలున్న అందరికీ చెమటలు పట్టాయి. తర్వాత లైటు కింద పెట్టి చూస్తే కొసన ఉన్న పళ్లు ఒకదాని సందులో ఒకటి కూర్చోవడం లేదు, ఎదురెదురుగా గుద్దుకుంటున్నాయి. జాయింటులో మేకు చుట్టూ అప్పుడే ఎర్ర మరక.

ఫోన్ చేస్తే "మీ నీళ్లు ఉప్పు, బ్లీచింగ్ వాడుంటారు" అన్నాడు. బ్లీచింగ్ స్టీలుని తింటుంది, నిజమే, అందుకే మేం వాడం. అదే నీళ్లు, అదే ఆటోక్లేవ్ (ఆవిరితో క్రిములు చంపే యంత్రం), అదే 121 డిగ్రీలు, మా పాతవాటికి ఏళ్లుగా మచ్చ లేదు కదా అంటే "ఏటండీ, ఆ రేటుకి ఇంకేటొస్తాది" అని పెట్టేశాడు. బిల్లు లేదు, వాపసు లేదు.

డబ్బులిచ్చే ముందు ఒక్కోదాన్నీ లాక్ మొదటి పంటి దగ్గరే వేసి, కొసల వైపు పట్టుకుని లాక్ ఉన్న చోట అరచేతిలో గట్టిగా తట్టండి. తెరుచుకుంటే వద్దనండి. పాత గ్లవ్ ముక్క పట్టించి లాగి చూడండి, జారకూడదు, చిరగనూ కూడదు. బాబ్‌కాక్ అనే ఇంకో రకం ఫోర్సెప్స్‌కి పళ్లుండవు, ట్యూబెక్టమీలో (ఆడవాళ్ల కుటుంబ నియంత్రణ ఆపరేషన్లో) ట్యూబుని ఎత్తేది దానితోనే కాబట్టి కొసలు నున్నగా ఉన్నాయో లేదో వేలితో తడిమి చూడాలి. 2017 నాటి మెడికల్ డివైసెస్ రూల్స్ ప్రకారం లేబుల్ మీద తయారీదారు పేరు, అడ్రసు, బ్యాచ్ నంబరు ఉండాలి. మాకిచ్చినవి ఉత్త ప్లాస్టిక్ కవర్లో వచ్చాయి.

ఆ మనిషి ఇంకా ఇటే తిరుగుతున్నాడట. అయస్కాంతం బయటికి తీస్తే మీ దగ్గరున్న పాత ఫోర్సెప్స్‌కి కూడా పెట్టి చూపించమనండి.