టీవీ కింది చిన్న కంప్యూటర్‌కు ఏ కూలర్ మేలు?

హాల్లో టీవీ కింద పెట్టుకునే కంప్యూటర్‌కు ప్రాసెసర్ కూలర్ కొనాలనుకోగానే చాలామంది పరీక్షల పట్టికలు వెతుకుతారు. ప్రాసెసర్‌ను పూర్తి భారంతో అరగంట నడిపితే ఎన్ని డిగ్రీల దగ్గర ఆగిందో చూసి, తక్కువ అంకె ఉన్నదాన్ని ఎంచుకుంటారు. గేములకూ వీడియో ఎడిటింగ్‌కూ అది సరైన కొలతే. సినిమాలు చూసే యంత్రానికి మాత్రం ఆ పట్టికతో పెద్దగా పనిలేదు. 4కే సినిమా నడుస్తున్నంతసేపూ వీడియోను విప్పే పనిని ప్రాసెసర్‌లో అందుకోసమే ఉన్న ప్రత్యేక విభాగం చూసుకుంటుంది. మిగతా లెక్కలు చేసే కోర్లు దాదాపు ఖాళీగా కూర్చుంటాయి. రెండున్నర గంటల సినిమాలో కూలర్ మోయాల్సిన వేడి మామూలుగా పది పదిహేను వాట్ల దగ్గరే ఉంటుంది. ఆ మాత్రం వేడిని ఏ కూలరైనా లాగేస్తుంది. దాన్ని ఎంత నిశ్శబ్దంగా లాగుతుందన్నదే చూడాలి.

ఇంకో సంగతి. చెవికి చిరాకు పుట్టించేది ఒకే తీరుగా సాగే చప్పుడు కాదు, మారే చప్పుడు. తెర మీద ఇద్దరు మెల్లగా మాట్లాడుకుంటున్నప్పుడు వెనకాల ఏదో అప్‌డేట్ మొదలై, ప్రాసెసర్ ఒక్క క్షణం వేగం అందుకుని, ఫ్యాను ఉన్నట్టుండి గుర్రుమని లేచి మళ్లీ పడుకుంటే మనసు సినిమాలోంచి బయటికి వచ్చేస్తుంది. ఈ పోలికలో నేను పెద్దపీట వేసింది దీనికే.

ఉదాహరణకు రెండు ప్రాసెసర్లు అనుకుందాం: ఇంటెల్ కోర్ ఐ3-12100, ఏఎండీ రైజెన్ 5 5600జీ. రెండింటిలోనూ గ్రాఫిక్స్ లోపలే ఉంది కాబట్టి విడిగా కార్డు అక్కర్లేదు. ఐ3 మూల శక్తి 60 వాట్లు, వేగం అందుకున్నప్పుడు 89 వరకు వెళ్తుంది. 5600జీ డబ్బా మీద 65 వాట్లని ఉంటుంది కానీ, మదర్‌బోర్డు దానికి 88 వాట్ల వరకు ఇస్తుంది. ఒక తేడా ఉంది. ఆన్‌లైన్ వీడియోల్లో కనిపించే ఏవీ1 రకం వీడియోను ఐ3 ప్రత్యేక విభాగంతోనే విప్పుతుంది. 5600జీలో ఆ ఏర్పాటు లేదు, ఆ భారం కోర్ల మీద పడుతుంది. ఆన్‌లైన్ వీడియోలు ఎక్కువగా చూసే ఇంట్లో 5600జీ ఫ్యాను ఎందుకు తరచూ లేస్తుందో దీన్నిబట్టి అర్థమవుతుంది. కూలర్ మారిస్తే ఆ కారణం పోదు.

ముందు స్కేలు, తర్వాతే షాపు

కూలర్‌ను నిర్ణయించేది మీరు కాదు, మీ కేసు, అంటే కంప్యూటర్ పెట్టె. ఇన్‌విన్ చోపిన్ లాంటి మూడు లీటర్ల చిన్నదానిలో కూలర్ ఎత్తు 43 మి.మీ. మించకూడదు. ఫ్రాక్టల్ నోడ్ 202 పది లీటర్ల పలుచటి పెట్టె, పాత వీసీఆర్‌లా టీవీ కింద ఒదిగిపోతుంది. అందులో హద్దు 56 మి.మీ. అదే కంపెనీ నోడ్ 304లో 165 మి.మీ. వరకు చోటుంది కానీ, దాని ఎత్తే 21 సెంటీమీటర్లు. మన టీవీ యూనిట్ల అరల్లో అది ఎక్కువసార్లు పట్టదు. పట్టినా పైన గాలికి చోటు మిగలదు.

ఈ మూడు హద్దులకు సరిపోయేవాటిని వరుసగా చూద్దాం.

ప్రాసెసర్‌తో పాటు వచ్చేది

5600జీతో వచ్చే వ్రెయిత్ స్టెల్త్ ఎత్తు 54 మి.మీ. నోడ్ 202లో రెండు మిల్లీమీటర్ల తేడాతో దూరుతుంది, చోపిన్‌లో పట్టదు. ఐ3తో వచ్చే లామినార్ ఆర్‌ఎం1 అంతకంటే కాస్త పొట్టి, అయినా 43 దాటుతుంది. రెండూ ప్రధానంగా అల్యూమినియం ముద్దలే, వేడిని మోసుకెళ్లే గొట్టాలు, అంటే హీట్‌పైపులు ఉండవు. సినిమా నడుస్తున్నప్పుడు వీటితో పెద్ద ఇబ్బంది లేదు, మూడు మీటర్ల దూరంలోని సోఫాకు వాటి చప్పుడు అంతగా చేరదు. భారం పెరగ్గానే వీటి గుణం బయటపడుతుంది. వేడిని దాచుకునే లోహం తక్కువ కాబట్టి డిగ్రీలు గబుక్కున లేస్తాయి, వాటి వెంట ఫ్యానూ లేస్తుంది. పిట్ట కొంచెం, కూత ఘనం. డబ్బు పెట్టకుండా వచ్చిన దాన్ని మొదటి రోజే పక్కన పడేయడం నాకు నచ్చదు. కొన్నాళ్లు వాడి చూడండి. మీ చెవికి ఇబ్బంది లేకపోతే ఇక్కడితో ఖర్చు ఆపేయవచ్చు.

37 మిల్లీమీటర్లు: నాక్టువా ఎన్‌హెచ్-ఎల్9ఐ

చిన్న కంప్యూటర్లు కట్టేవాళ్లంతా మొదట చెప్పే పేరిది. ఏఎండీకి దీని జోడీ ఎల్9ఏ. వేడిని గాలికి వదిలే రెక్కల లోహపు దిమ్మ, అంటే హీట్‌సింక్ 23 మి.మీ., దాని మీద 14 మి.మీ. పలుచటి ఫ్యాను. పొడవూ వెడల్పూ 95 మి.మీ. చొప్పున ఉండి ర్యామ్ మీదికి రాదు, గ్రాఫిక్స్ స్లాటును అడ్డుకోదు. బిగించేటప్పుడు ఇంత నిశ్చింత ఇచ్చే కూలర్ ఇంకొకటి నాకు తెలియదు. ఫ్యాను పూర్తి వేగం నిమిషానికి 2500 చుట్లు, అప్పుడు కంపెనీ చెప్పే చప్పుడు 23.6 డెసిబెల్. పెట్టెలో ఇచ్చే వేగం తగ్గించే తీగ తగిలిస్తే 1800 చుట్లకు, 14.8 డెసిబెల్‌కు దిగుతుంది. రెండో అంకె హాల్లో వినపడనట్టే లెక్క.

లోపం కూడా చెప్పుకోవాలి. ఇందులో ఉన్నవి రెండే హీట్‌పైపులు. 65 వాట్లు దాటే ప్రాసెసర్లతో జాగ్రత్తగా వాడమని కంపెనీయే చెప్పింది. అంటే ఐ3-12100 తన 89 వాట్లను పట్టుకుని కూర్చుంటే ఇది ఆయాసపడుతుంది. ధర కూడా దాని పరిమాణానికి ఎక్కువే అనిపిస్తుంది. చోపిన్ లాంటి కేసు కొన్నవాళ్లకు ఇదే దారి, వాళ్లు తర్జనభర్జన పడక్కర్లేదు. 56 మి.మీ. చోటు ఉండి కూడా కేవలం పేరు చూసి దీన్ని కొనేవాళ్లతోనే నాకు పేచీ.

47 మిల్లీమీటర్లు: థర్మల్‌రైట్ ఏఎక్స్‌పీ90-ఎక్స్47

పది మిల్లీమీటర్లు పెరిగితే ఏమొస్తుందని అడగవచ్చు. చాలానే వస్తుంది. నాలుగు హీట్‌పైపులు, మరింత లోతైన రెక్కలు, 15 మి.మీ. ఫ్యాను. రెక్కలు లోతుగా ఉంటే ఫ్యాను అదే వేగంతో తిరిగి ఎక్కువ వేడిని తీసుకుపోతుంది. లేదా అంతే వేడిని తక్కువ వేగంతో తీసుకుపోతుంది. రెండోదే మనకు కావలసింది. ఫ్యాను వేగం సగానికి తగ్గితే చప్పుడు సుమారు 15 డెసిబెల్ పడిపోతుంది. చిన్న కూలర్ల లోకంలో పది మిల్లీమీటర్ల విలువ అదీ. ఇదే పూర్తి రాగితో చేసిన రకమూ దొరుకుతుంది, బరువెక్కువ. సినిమాల కోసం ఆ అదనపు ఖర్చు అక్కర్లేదు.

నోడ్ 202 లాంటి కేసుల్లో దీనికి ఇంకో లాభం ఉంది, పట్టికల్లో అది కనబడదు. ఆ కేసులో ప్రాసెసర్‌కు ఎదురుగా గాలి రంధ్రాలుంటాయి. 37 మి.మీ. కూలర్ పెడితే ఫ్యానుకూ ఆ రంధ్రాలకూ మధ్య 19 మి.మీ. ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీలోంచి ఫ్యాను తాను వెళ్లగొట్టిన వేడి గాలినే మళ్లీ పీల్చుకుంటుంది. 47 మి.మీ. కూలర్‌తో ఖాళీ 9 మిల్లీమీటర్లకు తగ్గి, బయటి చల్లగాలి ఎక్కువ అందుతుంది. మరీ దగ్గరైనా ప్రమాదమే: రెండు మూడు మిల్లీమీటర్ల దూరంలో జాలీ ఉంటే ఫ్యాను సన్నగా ఈల వేస్తుంది. వ్రెయిత్ స్టెల్త్‌కు నోడ్ 202లో వచ్చే ఇబ్బంది సరిగ్గా ఇదే.

బిగించే ముందు దిశ చూసుకోవాలి. హీట్‌పైపుల వంపు కొన్ని ఐటీఎక్స్ (చిన్న సైజు) మదర్‌బోర్డుల మీద ర్యామ్‌కో, వెనుక పోర్టుల దగ్గరి హీట్‌సింక్‌కో తగులుతుంది. తిప్పి పెడితే చాలాసార్లు సర్దుకుంటుంది. నాక్టువా ఇచ్చే నిశ్చింత ఇక్కడ లేదు, దానికి బదులు తక్కువ ధరకు ఎక్కువ లోహం దొరుకుతుంది. పలుచటి కేసులకు నా ఓటు దీనికే.

70 మిల్లీమీటర్లు: నాక్టువా ఎన్‌హెచ్-ఎల్12ఎస్

ఇందులో ఫ్యాను 120 మి.మీ. ఉంటుంది, రెక్కల కింద ఇముడుతుంది. ముందు రెండింటిలోని 92 మి.మీ. ఫ్యానుతో పోలిస్తే 120 మి.మీ. ఫ్యాను విస్తీర్ణం దాదాపు 1.7 రెట్లు. పూర్తి వేగంలో కూడా 1850 చుట్లే, చప్పుడు ఎల్9ఐ పూర్తి వేగంలో చేసేంతే. కానీ తోసే గాలి మాత్రం చాలా ఎక్కువ. సినిమా భారానికి ఇది తిరుగుతున్నట్టే తెలియదు. ఇంకా కేసు కొనని వాళ్లు కూలర్‌ను ముందు ఎంచుకుని, దానికి తగ్గ కేసు వెతుక్కుంటే ఈ వరుసలో అన్నింటికంటే హాయి ఇదే. చిక్కల్లా కేసుల దగ్గరే. కూలర్ మాస్టర్ ఎలైట్ 130 లాంటివి 65 మి.మీ. దగ్గర ఆగిపోతాయి, అంటే ఐదు మిల్లీమీటర్లకు దెబ్బ. నోడ్ 304 అంత చోటుంటే ఇక పొట్టి కూలర్ గొడవే అక్కర్లేదు, మామూలు టవర్ కూలర్ పెట్టుకోవచ్చు.

ఫ్యానే లేకపోతే?

అసలు చప్పుడే వద్దనుకునేవాళ్లు స్ట్రీకామ్ ఎఫ్‌సీ8 లాంటి కేసుల వైపు చూస్తారు. హీట్‌పైపులు ప్రాసెసర్ వేడిని అల్యూమినియం గోడకు చేరుస్తాయి, కేసే హీట్‌సింక్ అవుతుంది. 65 వాట్ల వరకు మోస్తుందని చెబుతారు. చూడటానికి మంచి ఆంప్లిఫయర్‌లా ఉంటుంది, నాకూ ఆశే. కానీ ఈ పద్ధతి మొత్తం గోడకూ గదికీ మధ్య ఉన్న ఉష్ణోగ్రత తేడా మీద బతుకుతుంది. రెంటచింతల, రామగుండం, విజయవాడ లాంటి ఊళ్లలో మే నెల మధ్యాహ్నం ఏసీ లేని గది 38 డిగ్రీలు తాకితే ఆ తేడా కరిగిపోతుంది. పైగా మన టీవీ యూనిట్లకు వెనుక చెక్క, ముందు గాజు తలుపు. ఫ్యాను లేని కేసును అందులో పెట్టి తలుపు వేస్తే ఉడికిపోతుంది. ఏసీ గదిలో తెరిచి ఉన్న అర మీద అయితే సరే.

120 మి.మీ. నీటి కూలర్ గురించి ఒక్క మాట చాలు: సినిమా యంత్రానికి వద్దు. ఫ్యాను చప్పుడుకు పంపు చప్పుడు తోడవుతుంది, పంపు చప్పుడు సినిమా నిశ్శబ్దంలోనూ ఆగదు.

మే నెలా, డిసెంబరూ

విదేశీ పరీక్షలు ఎక్కువగా 20, 22 డిగ్రీల గదిలో చేసినవి. 22 డిగ్రీల గదిలో 78 డిగ్రీలు చూపిన కూలర్, అదే భారంతో, అదే ఫ్యాను వేగంతో 38 డిగ్రీల గదిలో 94 దగ్గర నిలుస్తుంది. గది పెరిగినంతా ప్రాసెసర్ మీద పడుతుంది. 5600జీ హద్దు 95, ఐ3-12100 హద్దు 100. అక్కడికి చేరితే యంత్రం కాలిపోదు, తన వేగం తానే తగ్గించుకుంటుంది.

అయితే వేసవిలో హాల్లో సీలింగ్ ఫ్యాను గరిష్ఠ వేగంతో తిరుగుతూ ఉంటుంది. దాని హోరులో 92 మి.మీ. ఫ్యాను ఎంత గొణిగినా ఎవరికీ వినపడదు. చప్పుడు బాధ డిసెంబరులో, పైఫ్యాను ఆపేసి కిటికీలు మూసుకున్న రాత్రుల్లో. అప్పుడు గది చల్లగా ఉంటుంది, చిన్న కూలర్ కూడా తక్కువ వేగంతో నెట్టుకొస్తుంది. అందుకే పెద్ద కూలర్ కోసం కేసు మార్చేయాలన్నంత ఆందోళన అక్కర్లేదంటాను.

ఏ కూలర్ కొన్నా డబ్బు ఖర్చు లేకుండా చేసుకోదగ్గ పని ఒకటుంది. బయోస్‌లోకి, అంటే మదర్‌బోర్డు అమరికల్లోకి వెళ్లి ప్రాసెసర్ శక్తికి హద్దు పెట్టండి. 5600జీని 45 వాట్ల ఎకో మోడ్‌లో పెడితే అది వాడే గరిష్ఠ శక్తి 88 నుంచి 61 వాట్లకు తగ్గుతుంది. ఐ3కి రెండు పవర్ లిమిట్లూ 45 చేయండి. సినిమాల్లో తేడా తెలియదు. ఇది చేశాక ఎల్9ఐ లాంటి పొట్టి కూలర్ కూడా మే నెలను దాటేస్తుంది. ఆ తర్వాత ఫ్యాను అమరికలో, ఉష్ణోగ్రత పెరిగిన వెంటనే కాకుండా కొన్ని సెకన్లు ఆగి వేగం పెంచమని చెప్పే ఎంపిక చాలా బోర్డుల్లో ఉంటుంది. మొదట చెప్పిన ఆ గుర్రుమనే లేవడం దీంతో చాలావరకు పోతుంది. కూలర్ మార్చే ముందు ఈ రెండూ చేసి, ఒక సినిమా చూడండి.

ఆర్డరు పెట్టేటప్పుడు సాకెట్ (బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే గూడు) పేరు అక్షరం అక్షరం సరిచూసుకోండి. ఇంటెల్ 12వ తరానికి రంధ్రాల దూరం 78 మి.మీ., అంతకు ముందు తరాలకు 75. పాత స్టాకులోని ఎల్9ఐ బిగుసుకోదు, 17ఎక్స్ఎక్స్ అని రాసున్నదే అడగాలి. ఏఎండీలో ఏఎం4 సాకెట్ కోసం చేసిన ఎల్9ఏ, ఏఎం5 బోర్డుకు సరిపోదు, దానికి వేరే రకం ఉంది. ఫ్యాను సంగతి కూడా చూసుకోండి: 92 మి.మీ. వెడల్పూ 14, 15 మి.మీ. మందమూ ఉన్న ఫ్యాన్లు మామూలు కంప్యూటర్ షాపుల్లో అరుదు, చెడిపోతే ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాల్సిందే. కేసులో ఎత్తు మిగిలితే 25 మి.మీ. మామూలు ఫ్యానునే ఎల్9ఐ హీట్‌సింక్ మీద బిగించవచ్చు, అప్పుడు మొత్తం 48 మి.మీ. అవుతుంది, నోడ్ 202లో అది కూడా పడుతుంది.