మీథేన్ పనికి తీసుకున్న ఫోటోరియాక్టర్ ఎలా ఉందంటే

మీథేన్‌ని వెలుతురుతో మెథనాల్‌గా మార్చే పనికోసం మా ల్యాబ్‌లో కొన్న హై ప్రెషర్ రియాక్టర్ ఇది, స్టీల్ పాత్ర, పైన మందపాటి క్వార్ట్జ్ అద్దం, దానిమీద 300 వాట్ల జినాన్ ల్యాంప్. పాత్ర మాత్రం సూపర్ అండి, నైట్రోజన్‌తో 20 బార్‌కి ఎక్కించి రాత్రంతా వదిలేసినా ప్రెషర్ గేజ్ ముల్లు కదల్లేదు, మీథేన్ నీళ్లలో పెద్దగా కరగదు కాబట్టి మనకి ఆ ప్రెషర్ కావాల్సిందే. క్వార్ట్జ్ ఇవ్వడం కూడా మంచి పని, క్యాటలిస్ట్‌గా (రియాక్షన్‌ని నడిపించే పొడిగా) వాడే టైటానియం డయాక్సైడ్‌కి, అంటే టైటానియాకి, దాదాపు 387 నానోమీటర్ల లోపు అల్ట్రావయొలెట్ వెలుతురే పనికొస్తుంది, అందులో కొంత భాగాన్ని మామూలు అద్దం ఆపేస్తుంది.

కూలింగ్ దగ్గరే బాగా నిరాశపడ్డా. ల్యాంప్ వేడికి లోపల నీళ్లు వెచ్చబడిపోతున్నాయి, ఇక వచ్చిన మెథనాల్ వెలుతురు వల్లా వేడి వల్లా అని ఎలా చెప్తాం? పైగా మెథనాల్ మీథేన్ కంటే తేలిగ్గా ఆక్సిడైజ్ అవుతుంది, కొంచెం అదుపు తప్పినా కార్బన్ డయాక్సైడ్ దాకా వెళ్లిపోతుంది. బయట చిల్లర్ (చల్లని నీళ్లు తిప్పే మెషిన్) పెట్టాక బాగుంది. ఇంకోటి, మూత దగ్గర లీక్ ఆపే రబ్బరు ఓరింగ్ నుంచి కూడా కార్బన్ రావచ్చు, అప్పుడు అది మీథేన్ నుంచి వచ్చిందేమో అని పొరబడతాం, అందుకే మీథేన్ బదులు ఆర్గాన్ నింపి ఒక బ్లాంక్ రన్ (పోల్చి చూడ్డానికి మీథేన్ లేకుండా చేసే ప్రయోగం) తప్పకుండా చెయ్యండి. టైటానియానే వాడేవాళ్లయితే జినాన్ వద్దు, 365 నానోమీటర్ల ఎల్‌ఈడీ ఉన్న మోడల్ తీసుకోండి.