అల్యూర్ రిపోర్ట్: నాలుగేళ్లు వాడాక

పైటెస్ట్‌లో (పైథాన్ టెస్టింగ్ టూల్) రాసిన మా దాదాపు 900 టెస్టులు రోజూ రాత్రి జెన్‌కిన్స్‌లో (ఇలాంటి పనుల్ని దానంతటదే నడిపే సర్వర్) నడుస్తాయి. పొద్దున్నే వాటి ఫలితాలు చూసి, ఏది అసలు బగ్గో, ఏది ఉత్త గోలో తేల్చడం నా పని. మొదట్లో ఫలితాలు రాసి ఉండే జేయూనిట్ ఎక్స్‌ఎంఎల్ ఫైళ్లతోనే నెట్టుకొచ్చాం. పాసా, ఫెయిలా అన్నంతవరకు అవి చాలు. ఫెయిలైనప్పుడు స్క్రీన్ మీద ఏముందో చూడాలంటే మాత్రం ఫోల్డర్లన్నీ గాలించాలి. అందుకే టెస్టు ఫలితాల్ని స్క్రీన్‌షాట్లతో సహా వెబ్ పేజీలా చూపించే అల్యూర్‌కి మారాం.

కొత్తగా చూసినవాళ్లు మొదటి పేజీలోని గుండ్రటి చార్ట్ చూసి ముచ్చటపడతారు. నాకు పనికొచ్చింది మాత్రం అందులోని రెండు రంగులు. అసర్షన్ (అనుకున్న ఫలితమే వచ్చిందా అని చూసే చోటు) దగ్గర తప్పితే ఫెయిల్డ్, ఎరుపు. ఇంకేదో ఎక్సెప్షన్ (అనుకోని ఎర్రర్) వచ్చి టెస్ట్ మధ్యలోనే ఆగిపోతే బ్రోకెన్, పసుపు. ఒక సోమవారం 41 టెస్టులు పోయాయి. మేనేజర్‌కి టెన్షన్, రిలీజ్ ఆపేద్దామా అని ఫోన్. తెరిచి చూస్తే ఎరుపు 3, పసుపు 38. ఆ 38కీ ఒకటే మెసేజ్: టెస్ట్ డేటాబేస్‌కి కనెక్షన్ దొరకలేదు. మిగిలిన మూడూ చూసుకుంటే సరిపోయింది. తర్వాత, పోయిన టెస్టుల్ని గుంపులుగా విడగొట్టే కేటగిరీస్ ఫైల్లో ఆ మెసేజ్‌ని పట్టుకునే ఒక రెజెక్స్ (అక్షరాల నమూనా) రాసిపెట్టాను. ఇప్పుడు అలాంటివన్నీ ఒకచోట పోగవుతాయి. మేనేజర్ కూడా ఫోన్ చేస్తే ముందు "పసుపెన్ని?" అనే అడుగుతారు.

హిస్టరీ (ఒక టెస్టు ఇంతకుముందు ఎలా నడిచిందో చూపేది) దగ్గరే నాకు చుక్కలు కనిపించాయి. పాత రిపోర్టులోని హిస్టరీ ఫోల్డర్‌ని కొత్త ఫలితాల్లో పెట్టి, ఆ తర్వాత రిపోర్ట్ తయారుచేయాలి. జెన్‌కిన్స్ ప్లగిన్ ఆ పని తనే చూసుకుంటుంది. అయినా కొన్ని టెస్టులకి హిస్టరీ ఎప్పుడూ ఖాళీయే. రెండు రోజులు తల పట్టుకున్నాక తెలిసింది, తప్పు నాదేనని. ఆ టెస్టులకి అప్పటి టైమ్‌ని పారామీటర్‌గా (టెస్టుకి ఇచ్చే విలువగా) పంపుతున్నాను. అల్యూర్ టెస్టును గుర్తుపట్టేది పేరూ పారామీటర్లూ కలిపి. టైమ్ రోజూ మారుతుంది కాబట్టి దాని లెక్కలో రోజూ కొత్త టెస్టే!

ఫలితాల ఫోల్డర్ ప్రతిసారీ ఖాళీ చేయకపోయినా తంటాయే. పేరు మార్చిన టెస్టులు పాత పేరుతో కూడా వచ్చి కూర్చుంటాయి. పైటెస్ట్‌లో దానికి క్లీన్ ఆప్షన్ ఉంది, పెట్టుకోండి.

ఇండెక్స్ ఫైల్ మీద డబుల్ క్లిక్ చేస్తే రిపోర్ట్ తెరుచుకోదు, సర్వర్ మీంచే చూడాలి. మొత్తాన్నీ ఒకే ఫైల్‌గా తీసే ఆప్షన్ తర్వాత వచ్చింది గానీ, మా స్క్రీన్‌షాట్ల బరువుకి అది మెయిల్లో పోదు.

అల్యూర్ 2కి జావా కావాలి. పైథాన్ తప్ప ఇంకేదీ అక్కర్లేని మాలాంటి టీమ్‌కి అదో విసుగు. టైప్‌స్క్రిప్ట్‌లో తిరగరాసిన అల్యూర్ 3కి ఆ బాధ లేదు. మేమింకా మారలేదు, ముందు ఏదైనా చిన్న ప్రాజెక్టులో పెట్టి చూడాలి.