మంచుబండిలో మిస్సింగ్ పట్టే పరికరాలు: కొన్ని చలికాలాలు వాడాక నా రివ్యూ

ముందే చెప్పేస్తాను. స్నోమొబైల్ ఇంజిన్ మిస్సింగ్ కొడుతుంటే మొదట కొనాల్సింది గ్యాప్ మార్చుకోగలిగే స్పార్క్ టెస్టర్. రెండోది మల్టీమీటర్. మెరిసే లైటుతో వచ్చే నియాన్ టెస్టర్ కొనకపోయినా నష్టమేమీ లేదు. స్పార్క్ ఎప్పుడు పుట్టాలో చూసుకునే ఎలక్ట్రానిక్ పెట్టె, అదే సీడీఐ బాక్సు, దాని సంగతి ఆఖరున చూసుకోవచ్చు. మిస్సింగ్ రాగానే దాన్నే ఆర్డర్ పెట్టేవాళ్లు మా వైపు చాలామంది ఉన్నారు, అది చవకైన సామానేం కాదు.

నేనుండేది అమెరికాలోని ఉత్తర మిన్నెసోటాలో. డులూత్ నుంచి గ్రాండ్ మరే వరకు సాగే 146 మైళ్ల నార్త్ షోర్ స్టేట్ ట్రయిల్ మాకు దగ్గర. ట్రయిల్స్ డిసెంబర్ 1 నుంచి మార్చి 31 దాకానే తెరిచి ఉంటాయి కాబట్టి, ఆ నాలుగు నెలల్లో బండి గరాజ్‌లో పడుంటే ప్రాణం ఉసూరుమంటుంది. నాది 1990ల చివరి నాటి టూ-స్ట్రోక్. రెండు సిలిండర్లు, ఫ్యాన్ కూలింగ్, రెండు కార్బురేటర్లు, తాడు లాగి స్టార్ట్ చేసే రకం. బ్యాటరీ లేదు. ఫ్లైవీల్ వెనకున్న స్టేటర్ (కదలకుండా ఉండే తీగచుట్టల దిమ్మ) కాయిలే సీడీఐకి కరెంటు అందిస్తుంది. ఇంజెక్షన్, కంప్యూటర్ ఉన్న కొత్త బండ్ల కథ వేరు, వాటికి ఇక్కడ చెప్పేవన్నీ వర్తించవు.

గ్యాప్ టెస్టర్ ఎందుకంటే, ప్లగ్గు తీసి, హెడ్‌కి ఆనించి, తాడు లాగి "కరెంటు వస్తోంది" అనుకోవడం మన ఊళ్లో ఆర్‌ఎక్స్ 100 రోజుల నుంచీ అందరికీ అలవాటే. అది సగం పరీక్షే. బయటి గాలిలో 0.7 మి.మీ. గ్యాప్ దూకడం నీరసించిన ఇగ్నిషన్ కాయిల్‌కి (ప్లగ్గుకి హై వోల్టేజ్ పంపేది) కూడా కష్టం కాదు. సిలిండర్ లోపల గాలి ఒత్తిడి పెరిగాక అదే గ్యాప్ దూకడానికి వోల్టేజ్ ఎన్నో రెట్లు కావాలి. అందుకే నిలబడి ఉన్నప్పుడు బాగానే తిరిగే బండి, థ్రాటిల్ నొక్కగానే టపటపమంటుంది. టెస్టర్‌లో గ్యాప్ ఆరేడు మి.మీ. పెట్టి తాడు లాగితే అసలు బలం బయటపడుతుంది. నీలంగా, చిటుక్కుమనే చప్పుడుతో దూకితే ఇగ్నిషన్ ఆ క్షణానికి బాగున్నట్టే. నారింజ రంగులో సన్నగా, ఒకసారి దూకి ఒకసారి మానేస్తుంటే ఇక కార్బురేటర్ విప్పే పని పెట్టుకోకండి. టెస్టర్ క్లిప్పును పెయింట్ లేని లోహానికే పట్టించాలి, ఎర్తు సరిగా లేకపోతే మంచి కాయిల్ కూడా చచ్చినట్టే కనిపిస్తుంది. టెస్టర్‌ని ప్లగ్గు రంధ్రానికి దూరంగా పెట్టాలి, రంధ్రాన్ని మూయాలి. అందులోంచి పెట్రోలు ఆవిరి చిమ్ముతుంది, అంటుకుంటుంది.

నాలాంటి బండ్లలో చాలావాటికి రెండు ప్లగ్గులకీ కలిపి ఒకటే కాయిల్ ఉంటుంది, రెండు చివరలా రెండు వైర్లతో. రెండూ ఒకేసారి కాలతాయి. కరెంటు ఒక ప్లగ్గులోంచి దిగి, హెడ్ గుండా పోయి, రెండో ప్లగ్గు ఎక్కి కాయిల్‌కి తిరిగొస్తుంది. అంటే ఎడమ వైపు క్యాప్ (వైరు చివర ఉండి ప్లగ్గు మీద తొడిగేది) పాడైతే కుడి వైపు స్పార్క్ కూడా నీరసించొచ్చు. ఒక వైపు పరీక్షించేటప్పుడు రెండో వైరును వేలాడదీయకుండా ఎర్తుకి తగిలించాలి. లేకపోతే ఫలితం తప్పుగా వస్తుంది, పైగా దారి దొరకని హై వోల్టేజ్ కాయిల్ లోపలి ఇన్సులేషన్ మీద పడుతుంది.

ఇన్నేళ్లలో ఈ టెస్టర్ నాకు ఎక్కువగా పట్టిచ్చిన దోషి ప్లగ్గు క్యాప్. చాలా బండ్లలో అది వైరు చివర స్క్రూలా తిప్పి బిగించేదే. లోపల రెసిస్టర్ ఉన్న ఇలాంటి క్యాప్ సాధారణంగా 5 కిలో-ఓమ్‌లు చూపిస్తుంది. తేమ చేరి లోపల పచ్చగా తుప్పు పడితే ఆ అంకె ఎక్కడికో పోతుంది, లేదా వైరు కదిపినప్పుడల్లా మారుతుంది. వైరు చివర ఓ అర సెంటీమీటరు కోసి, కొత్త రాగి కనిపించాక క్యాప్ మళ్లీ బిగించి, మూతి దగ్గర డైఎలక్ట్రిక్ గ్రీజు (కరెంటు పారనివ్వని, తేమ చేరనివ్వని గ్రీజు) రాస్తే చాలాసార్లు అక్కడితో మిస్సింగ్ పోయింది. ఖర్చు దాదాపు సున్నా. అనుమానం తీరకపోతే రెండు వైపుల క్యాప్‌లూ అటూ ఇటూ మార్చి చూడండి. జబ్బు క్యాప్‌తో పాటు రెండో సిలిండర్‌కి పోతే దొంగ దొరికినట్టే.

నియాన్ టెస్టర్‌తో నాకు చిరాకు. ప్లగ్గుకీ క్యాప్‌కీ మధ్య పెడితే ఇంజిన్ తిరుగుతుండగానే వెలుగుతుంది, అంతవరకు బాగుంది. కానీ నీరసమైన స్పార్క్‌కీ అది అంతే ఠీవిగా వెలుగుతుంది. మంచు మీద ఎండ పడితే వెలుగుతోందో లేదో కూడా తెలియదు. అసలు కరెంటు ఉందా లేదా అన్న ఒక్క ప్రశ్నకే జవాబిస్తుంది.

సేఫ్టీ స్విచ్‌ల సంగతి పరికరాల రివ్యూలో ఎందుకంటే, వాటిని వదిలేస్తే ఏ పరికరమూ నిజం చెప్పదు. కిల్ స్విచ్, జాకెట్‌కి తగిలించుకునే టెదర్, బొటనవేలి లివర్‌లో దాగున్న థ్రాటిల్ స్విచ్, అన్నీ ఇగ్నిషన్‌ను ఆపేసేవే. ఆ మూడోది గడుసుది. కేబుల్ మంచుకి బిగుసుకుపోయి, వేలు తీసినా కార్బురేటర్ మూతపడకపోతే ఇంజిన్‌ను ఆపడానికి పెట్టారు. కేబుల్ సరిగా సర్దకుండా వదులుగా ఉంటే, ఏమీ బిగుసుకోకపోయినా అలాగే అనుకుని స్పార్క్ కోసేస్తుంది. లివర్ కొద్దిగా కదిపినప్పుడే మిస్సింగ్ వచ్చి, గట్టిగా నొక్కితే పోతుంటే ముందు అక్కడ చూడండి. కనెక్టర్ ఊడదీసి పరీక్షించేముందు వైరింగ్ డయాగ్రమ్ చూసుకోవాలి. కొన్ని బండ్లలో ఊడదీస్తే చాలు, కొన్నింటిలో రెండు వైర్లు కలపాలి. పరీక్ష అయ్యాక మళ్లీ తగిలించకుండా ట్రయిల్ ఎక్కొద్దు.

మల్టీమీటర్ విలువ నాకు తెలిసింది స్టేటర్ దెబ్బతిన్న శీతాకాలంలో. బండి చల్లగా ఉన్నప్పుడు బుద్ధిమంతుడు. కాసేపు నడిచి వేడెక్కాక మధ్య వేగంలో కోతలు మొదలై, చివరికి ఆగిపోయేది. కాస్త చల్లారనిస్తే ఏమీ ఎరగనట్టు మళ్లీ స్టార్టయ్యేది. పెట్రోలు సమస్య అయితే ఇంజిన్ మెల్లగా నీరసిస్తుంది. ఇది స్విచ్ వేసి తీసినట్టు ఠక్కున పోయి ఠక్కున వచ్చేది. గరాజ్‌లో కొలిస్తే అంకెలన్నీ మాన్యువల్‌లో రాసినట్టే ఉన్నాయి. అందుకే మీటర్‌ని బండిలో వేసుకుని వెళ్లి, ఆగిపోయిన మరుక్షణం హుడ్ ఎత్తి స్టేటర్ కనెక్టర్ దగ్గరే కొలిచాను. సీడీఐకి కరెంటిచ్చే చార్జింగ్ కాయిల్ పూర్తిగా ఓపెన్. లోపలెక్కడో తెగిన తీగ, చల్లగా ఉన్నప్పుడు తాకుతూ వేడికి విడిపోతోంది. స్టేటర్ మార్చాక జబ్బు వదిలింది. ఆ పనికి ఫ్లైవీల్ పుల్లర్ తప్పనిసరి, సుత్తితో కొట్టే పని కాదు. తిరిగి బిగించాక టైమింగ్ లైట్‌తో (స్పార్క్ పడ్డప్పుడల్లా మెరిసే లైటు) గుర్తులు సరిచూసుకోవాలి, ఫ్లైవీల్‌ను షాఫ్ట్ మీద జారకుండా పట్టే చిన్న ‘కీ’ ముక్క కాస్త తెగినా టైమింగ్ తప్పుతుంది.

చలిదేశంలో ఇంకో మెలిక ఉంది. మాన్యువల్‌లోని ఓమ్‌లు సాధారణంగా 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర కొలిచినవి. రాగి తీగ రెసిస్టెన్స్ డిగ్రీకి సుమారు 0.4 శాతం మారుతుంది. మైనస్ 20లో ఉన్న గరాజ్‌లో ఆరోగ్యంగా ఉన్న కాయిల్ కూడా దాదాపు 16 శాతం తక్కువ చూపిస్తుంది. దాన్ని షార్ట్ అనుకుని పారేయొద్దు. ఇగ్నిషన్ కాయిల్ ప్రైమరీ (సీడీఐ నుంచి కరెంటు అందుకునే చుట్ట) ఒక ఓమ్ కన్నా తక్కువే ఉండొచ్చు, కాబట్టి ముందు మీటర్ మొనలు రెండూ తాకించి వచ్చే అంకెను తీసేయాలి. చవక మీటర్లలో ఆ అంకే కొలతను మింగేస్తుంది.

పీక్ వోల్టేజ్ అడాప్టర్ తర్వాత కొన్నాను. సీడీఐకి అందే కరెంటు పొట్టి పొట్టి తుళ్లింపులుగా వస్తుంది. మామూలు మీటర్ దాన్ని పట్టలేదు, అడాప్టర్ తగిలిస్తే శిఖరం విలువ చూపిస్తుంది. ఓమ్‌లు బాగున్నా పనిచేయని కాయిల్‌ను ఇదే పట్టిస్తుంది. మాన్యువల్‌లో పీక్ అంకెలు ఉంటేనే కొనండి, పోల్చుకోవడానికి ఏదీ లేకపోతే దండగ. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ మాత్రం చవకలో మంచి బేరం. స్టార్ట్ చేసి, గరాజ్ తలుపు తెరిచి, రెండు ఎగ్జాస్ట్ ఫ్లేంజీలూ (సిలిండర్‌కి పొగగొట్టం బిగించే చోట్లు) చూస్తే చల్లగా ఉన్న సిలిండర్ ఏదో వెంటనే తెలుస్తుంది.

ప్లగ్గుల దగ్గరికొస్తే, నా బండికి చెప్పింది ఎన్‌జీకే కంపెనీ బీఆర్9ఈఎస్. వాటితో ఇబ్బంది రాలేదు. ఎన్‌జీకేలో అంకె పెరిగేకొద్దీ ప్లగ్గు చల్లన, అంటే వేడిని త్వరగా హెడ్‌కి వదిలేస్తుంది. నల్లబడుతోందని వేడి ప్లగ్గు వేసేసి ఫుల్ థ్రాటిల్‌తో సరస్సు దాటితే పిస్టన్‌కి చిల్లు పడొచ్చు. తడిసిన ప్లగ్గును ఉప్పు కాగితంతో రుద్దడం కూడా ఇక్కడ వద్దు, రవ్వలు మిగిలితే సిలిండర్‌లోకే పోతాయి. కొత్తవి వేసుకోండి.

ఇప్పుడు హుడ్ కింద సంచిలో తిరిగేవి గ్యాప్ టెస్టర్, చిన్న మల్టీమీటర్, రెండు కొత్త ప్లగ్గులు, ఒక స్పేర్ క్యాప్, ప్లగ్ పానా. నియాన్ టెస్టర్ గరాజ్ అరలో ఉంది. డులూత్ వైపు ఎవరికైనా కావాలంటే ఊరికే ఇచ్చేస్తాను.