యానాం, దిండి, కోటిపల్లి: నీళ్ళ పక్కన మూడు రోజులు

నేను ఖరగ్‌పూర్‌లో పుట్టాను. తాతగారు రైల్వే వర్క్‌షాపులో పనికి వెళ్ళి అక్కడే స్థిరపడిపోయారు. ఇంట్లో తెలుగు, వీధిలో బెంగాలీ, బడిలో హిందీ. అందుకే గోదావరి జిల్లాల్లో నేను నోరు విప్పితే చాలు, "మీదే ఊరండీ?" అంటారు.

కాకినాడ నుంచి ముందు కోరంగి వెళ్ళాం. మడ అడవిలో చెక్క వంతెన మీద నడక హాయిగా ఉంది. పడవ మాత్రం దొరకలేదు, మేం వెళ్ళే వేళకి నీళ్ళు పాటు మీదున్నాయి. మీరు వెళ్తే పోటు సమయం కనుక్కుని బయల్దేరండి. బర్మా వెళ్ళిన తెలుగువాళ్ళని అక్కడ కోరంగీలనేవారు, ఈ రేవు పేరుతోనే. మా తాతగారిని ఖరగ్‌పూర్‌లో ఏ పేరుతో పిలిచేవారో అడిగి తెలుసుకోలేకపోయానే అని బాధేసింది.

రాత్రికి యానాంలో లాడ్జి. గది శుభ్రంగా ఉంది కానీ వేడినీళ్ళు రాలేదు. కౌంటర్లో అబ్బాయి నా తెలుగు వినగానే హిందీలోకి మారిపోయాడు. మనసు చివుక్కుమంది. గౌతమి గట్టున కూర్చున్నాకే తేలికపడ్డాను. 1954 దాకా ఫ్రెంచివాళ్ళ ఊరు, ఇప్పుడు పుదుచ్చేరిలో భాగం. చుట్టూ ఆంధ్రా, బళ్ళ మీద పీవై 04, మాటలేమో అచ్చం గోదారివి. ఆ నంబరు ప్లేట్లు చూస్తే మావాళ్ళు ఎదురైనట్టనిపించింది.

దిండిలో హౌస్‌బోటు ఖరీదెక్కువ, రాత్రి జనరేటర్ మోత. ఒడ్డునే కాటేజీ తీసుకోవడం మేలు. చేపల పులుసు మాత్రం రెండుసార్లు అడిగి వేయించుకున్నాను.

తిరుగు దారిలో ముక్తేశ్వరం దగ్గర పంటు ఎక్కి కోటిపల్లి రేవులో దిగాం. తెల్లవారుజాము. బట్టలు మార్చుకునే చోటు ఇరుకు, మెట్లు పాకుడు పట్టి ఉన్నాయి, జాగ్రత్త. మోకాళ్ళ లోతు దిగేసరికి నాకు తెలియకుండానే "ఉఫ్, కీ ఠాండా!" అనేశాను. పక్కనే కొంగు తలమీద కప్పుకుని మునుగుతున్న ఒక మామ్మగారు తలెత్తారు. ఇక ఊరడుగుతారనుకున్నా.

"ఈతొచ్చా అమ్మాయ్?"

"వచ్చండి. మా ఊరి దగ్గర కాంసాబతి ఏట్లో నేర్చుకున్నాను."

"ఆ ఏరు గోదారంత ఉంటదా?"

"ఉండదండి."

"అయితే ఆ కింద మెట్టు దాటకు, లోతు. ఇలా నా పక్కకి రా."