రేడియేషన్ తర్వాత పుచ్చిపళ్ల అంచనా: డీఎంఎఫ్‌టీనా, ఐసీడాసా?

తల, మెడ క్యాన్సర్‌కు రేడియేషన్ తీసుకున్నవారిలో లాలాజలం తగ్గి పళ్లు త్వరగా పుచ్చుతాయి. మామూలుగా గట్టిగా నిలిచే కింది ముందు పళ్లు కూడా చిగురు అంచున చుట్టూ దెబ్బతింటాయి.

ఈ పుచ్చును కొలిచే పద్ధతుల్లో డీఎంఎఫ్‌టీ అంటే పుచ్చిన, పోయిన, ఫిల్లింగ్ చేసిన పళ్లు లెక్కపెట్టడం. సులువే. కానీ చిన్న గుంట ఉన్న పన్నూ, సగం విరిగిన పన్నూ దానికి ఒక్కటే. రేడియేషన్‌కు ముందు జాగ్రత్త కోసం పీకిన పళ్లు కలిస్తే స్కోరు ఊరికే పెరుగుతుంది.

ఐసీడాస్ అనే పద్ధతి, పన్ను ప్రతి వైపుకూ పుచ్చు ఎంత ముదిరిందో చూసి 0 నుంచి 6 దాకా కోడ్ ఇస్తుంది. ఆరబెడితేనే కనబడే మచ్చకు 1, పెద్ద గుంటకు 6. ఫ్లోరైడ్‌తో ఆపగలిగే దశ దొరికేది ఇందులోనే, అందుకే నా ఓటు దీనికే. టైమ్ పడుతుంది, నోరు సరిగా తెరవలేని పేషెంట్‌కు కష్టమే. పన్నంతా నల్లబడటం, పైపొర పెచ్చులూడటం మాత్రం విడిగా రాసుకోవాలి.